ఆరబెట్టిన మట్టి

గుడివాడ
జులై 4

కృపా,

అబద్ధం మీద సంతకం పెట్టింది నువ్వు. చెరువులకి అనుమతులిచ్చే కమిటీ కాదు, చెరువులవాళ్ళు కాదు. నువ్వు. మట్టి గురించి చదువుకున్నదానివి, ఆ మట్టిలోనే పుట్టినదానివి. "గుర్తించదగిన జీవక్రియ లేదు" అని రాసి కింద నీ పేరు పెట్టావు. ఆ కాగితం జెరాక్సు ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

తెచ్చింది ఎవరనుకున్నావు? మీ మత్తయి బాబాయి. దివిసీమ చివరి నుంచి బస్సులు మారి మారి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "మేడంగారూ, ఇది మా కృప సంతకమేనాండీ?" అన్నాడు. అవునన్నాను. "అయితే సరేనండి" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే నేనూ కలిసి తిట్టేదాన్ని. ఆ "సరేనండి" నా చెవిలోంచి పోవడం లేదు.

ఈ కాగితంతో ఏం చేస్తారో నీకు తెలియదని మాత్రం అనకు. మీ పేట వెనక ఉన్న పట్టా పొలాలన్నీ "సాగుకి పనికిరాని నిర్జీవ భూమి" అని కమిటీ తేల్చేస్తుంది. తేల్చిన మర్నాడు పొక్లెయిన్లు దిగుతాయి. చుట్టూ ఇప్పటికే రొయ్యల చెరువులు; మధ్యలో మీ అన్నమ్మ పిన్ని చేను ఒక్కటే పచ్చగా అడ్డం నిలబడి ఉంది. ఆ అడ్డం తీసెయ్యడానికి వాళ్ళకి గూండాలు అక్కర్లేకపోయింది. ఎమ్మెస్సీ చదివిన ఆ ఇంటి ఆడపిల్ల దొరికింది.

కాలేజీ హాస్టల్లో నువ్వు నా పక్క మంచం. సైన్సు ఎవరి పక్షమూ కాదని నువ్వనేదానివి, ఎవరి పక్షమూ కానిదల్లా ఉన్నవాడి పక్షమేనని నేననేదాన్ని. ఇన్నేళ్ళకి నా మాటకి సాక్ష్యం నువ్వే రాసిచ్చావు.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో "అక్కా, అక్కా" అంటావు, నేను మెత్తబడతాను. కాగితం మీద రాయి. కాగితం మీద చేసినదానికి జవాబు కాగితం మీదే రావాలి.

ఇందిర


మచిలీపట్నం
జులై 11

ఇందిరక్కా,

తిట్లు అందాయి. ల్యాబు అడ్రసుకి రాశావు కాబట్టి నాకన్నా ముందు ఇద్దరు ముగ్గురికి అందాయి. మా అటెండరు "మీ అక్కగారు బాగా రాస్తారండీ" అన్నాడు.

నేను దేనిమీద సంతకం పెట్టానో చెప్తాను. మా దగ్గర ఒక పెట్టె ఉంది. బీరువా అంత ఉంటుంది, ముందు గాజు తలుపు. లోపల స్టీలు గొట్టాలు నిలబెట్టి ఉంటాయి, వాటిలో మట్టి. ఒక్కో గొట్టం అడుగున పింగాణీ పలక, దాని కింద నీళ్ళని లాగే పంపు. మనం ఎంత తడి ఉండాలంటే అంతే తడి నిలబెడుతుంది, చుక్క ఎక్కువ కాదు, తక్కువ కాదు. పైన గాలి కూడా అంతే. ప్రాణవాయువు ఎంత వదలాలో మన చేతిలో ఉంటుంది. నాట్లు ఊడ్చిన చేలో నీళ్ళ కింద మట్టికి గాలి ఎంత తక్కువ అందుతుందో, కోతల ముందు నీళ్ళు తీసేశాక ఎంత అందుతుందో, రెండూ అందులో చూపించొచ్చు. మట్టిలో ప్రాణం ఉంటే ఊపిరి వదులుతుంది. ఆ ఊపిరిని పెట్టె కొలిచి తెరమీద గీత గీస్తుంది.

నాకు వచ్చిన మట్టికి, మొదటి రోజుల లెక్క తీసేశాక, ఎన్ని రోజులుంచినా గీత లేవలేదు. చూసిందే రాశాను. "అందిన నమూనాలో" అని మొదలుపెట్టాను, చూడు. అందిన మట్టికే నేను పూచీ. ఎక్కడ తవ్వారన్నదానికి కాదు. చేలోకి వెళ్ళి తవ్వుకొచ్చే అధికారం నాకు లేదు. కమిటీ ఉత్తరంతో, సీలుతో వచ్చిన సంచులు వద్దనే అధికారమూ లేదు. ఆ సంచులు తెచ్చింది ఎవరో మాత్రం నన్ను అడక్కు.

ఒక దారి ఉంది. సెప్టెంబరు ఆఖరున కమిటీ అభ్యంతరాలు వింటుంది. ఈలోపు అభ్యంతరం చెప్పేవాళ్ళ మట్టిని కూడా పెట్టెలో పెట్టి చూడమని అడిగే హక్కు వాళ్ళకుంది. అడిగించు. నేను చేస్తాను. మంచినీళ్ళు పారిస్తే ఆ మట్టి ఊపిరి పెరుగుతుందని గీతలో కనిపించిందంటే "నిర్జీవం" అనే మాట నిలబడదు. ఇదే ఆఖరి అవకాశం. అక్టోబరులో మా ప్రాజెక్టు మూసేస్తున్నారు, పెట్టెని వేరే ఊరికి తరలిస్తారు.

బస్సు పార్సిల్లో గొట్టాలు పంపుతున్నాను. తడి చేలో సుత్తితో దిగ్గొట్టి, చుట్టూ తవ్వి, మట్టి కదలకుండా తియ్యాలి. రెండు పక్కలా మూతలు బిగించి, టేపు చుట్టి, తడిగుడ్డలో పెట్టి అదే రోజు నా దగ్గరికి చేర్చాలి. గాలి తగిలి ఎండితే ఇంక ఆ మట్టి చెప్పేది నమ్మడానికి ఉండదు. నువ్వే దగ్గరుండి తీయించు. నువ్వే తీసుకురా.

కృప


గుడివాడ
జులై 29

కృపా,

ఎవరు తెచ్చారో అడక్కన్నావు. అడగను. నాకు తెలుసు. మా తమ్ముడు భానుప్రకాష్. నందివాడలో నాన్న పంచిన వరిపొలాన్ని చేపల చెరువు చేశాడు, చాలక దివిసీమలో రొయ్యల వాటా కొన్నాడు. నీ ఉత్తరం అందిన రోజే వాడింటికి వెళ్ళాను.

"ఒరేయ్, ఆ మట్టి ఎక్కడ తవ్వావు?"

"కాఫీ తాగి తిట్టక్కా. చల్లారిపోద్ది."

"అన్నమ్మ చేలో తవ్వావా, నీ చెరువుగట్టు కింద ఉప్పు ఊరే చోట తవ్వావా?"

"సర్వే నంబరు ఒకటే కదే. గట్టు వాళ్ళ హద్దులోకి రెండు బారలు జరిగే ఉంది. అక్కడ తవ్వితే వాళ్ళ చేలో తవ్వినట్టే."

"బతికున్న చేనురా అది."

"నువ్వు చూశావా? అది చచ్చి చాలా కాలమైంది. మేం పాతిపెడుతున్నాం, అంతే. దానికీ ఓ మనిషుండాలి గదా."

వాడు నవ్వాడు. వాళ్ళావిడా నవ్వింది. నేను లేచి వస్తుంటే గేటు దాకా వచ్చి, "మొన్న నీ సభకి షామియానా వేయించింది ఆ రొయ్యలేనే అక్కా" అన్నాడు. గేటు నేనే వేసి వచ్చేశాను. నీకు రాస్తే తప్ప తీరేలా లేదు కాబట్టి రాస్తున్నాను.

ఇక చేను సంగతి. మీ మట్టిని ఐసీయూకి పంపడానికి సర్వం సిద్ధం చేశాం. మత్తయి సుత్తి వేశాడు, నేను గొట్టం పట్టుకున్నాను, బురదలో ఒకసారి కూలబడ్డాను. అన్నమ్మ నా వీపు మీద చెయ్యేసి లేపి, "ఏంటండీ ఈ గొట్టాలు, మట్టికి ఇంజెక్షనిస్తారా?" అంది. "ఇయ్యరే, రక్తం తీస్తారు" అన్నాడు మత్తయి. నేను కూడా నవ్వాను.

గొట్టాలన్నీ తీశాక గట్టు మీద కూర్చోబెట్టి అన్నమ్మ చెప్పింది. "ఉప్పెన పోయాక ఈ చేలో గడ్డి పరక మొలవలేదండీ. మా అయ్య కాలవ నీళ్ళు పెట్టడం, ఉప్పు దిగాక తీసెయ్యడం, మళ్ళీ పెట్టడం. నేను అప్పుడు చిన్నపిల్లని, నీళ్ళు వదిలే మడవ దగ్గర కాపలా కూర్చునేదాన్ని. అంట్లగిన్నె కడిగినట్టు కడిగాం ఈ చేనుని. ఏళ్ళు కడిగితే గింజ పడింది." కృపా, సముద్రం చంపలేని చేనిది. మనవాళ్ళు చంపుతున్నారు.

నన్నే తీసుకురమ్మన్నావు కానీ మర్నాడు విజయవాడలో ధర్నా. నేను మాట్లాడాలని పోస్టర్ల మీద వేసేశారు. పొద్దున్నే బస్సుకి తెస్తానని మత్తయి ఒప్పుకున్నాడు. జాగ్రత్త అని చెప్పాను. "మా కృపకి పంపేది మేం జాగ్రత్తగా పంపమాండీ?" అని అన్నమ్మ నన్నే కసిరింది. ఈపాటికి చేరి ఉంటాయి.

ధర్నా బాగా జరిగింది.

ఇందిర


మచిలీపట్నం
ఆగస్టు 22

అక్కా,

ఈ ఉత్తరం రాయడం వాయిదా వేస్తూ వచ్చాను.

బాబాయి నువ్వు చెప్పిన మర్నాడు రాలేదు. వారం దాటాక వచ్చాడు. గొట్టాలు బూడిదతో తోమి, తళతళలాడించి, మూతలు విడిగా మూటగట్టి తెచ్చాడు. "మీ సామాను మీకు భద్రంగా అప్పగించమంది మీ పిన్ని" అన్నాడు. తర్వాత ఇంకో సంచి విప్పాడు. అందులో తెల్లటి గుడ్డ మూటలు. మట్టి నీడన ఆరబెట్టింది, రోకలితో గడ్డలు నలగ్గొట్టింది, పిండి జల్లెడలో పట్టింది. ఏ గొట్టంలోది ఏ మూటలో ఉందో రంగుదారంతో గుర్తు కుట్టింది. ఒక్క రాయి లేదు, ఒక్క వేరు ముక్క లేదు.

నేను మూట పట్టుకుని నిలబడే ఉన్నాను. అంతలో పిన్ని ఫోన్ చేసింది.

"ఏమే కృపా, ఎట్టా ఉంది మట్టి? బొమ్మిడాయిల పులుసుకి మసాలా నూరినట్టు నూరాను."

"ఎందుకు ఆరబెట్టావు పిన్నీ?"

"ఎందుకేంటే? తడిమట్టి పంపితే మీ ఆఫీసోళ్ళు గుమ్మంలోనే తిప్పికొడతారు గదా. ఎన్నిసార్లు కొట్టలేదు! నీ పేరు చెప్పుకుని ముద్ద మట్టి పంపిందని నలుగురూ అంటే నీకు చిన్నతనం గదా."

అక్కా, పిన్ని చేసింది తప్పు కాదు. నీడలో ఆరబెట్టు, గడ్డలు చితక్కొట్టు, నాలుగు పాళ్ళు చేసి రెండు పారెయ్యి, గుడ్డసంచిలో కట్టు. ఊరూరా గోడల మీద బొమ్మలేసి మరీ నేర్పిన పాఠం. ఎరువు ఎంత వెయ్యాలో చెప్పే మామూలు పరీక్షకి అదే సరైన పద్ధతి. తడిమట్టి తెచ్చిన మనిషిని మా కౌంటర్లో ఈనాటికీ వెనక్కి పంపుతారు. ఇన్నేళ్ళలో ఆ మాట వాళ్ళకి బాగా ఎక్కింది. ఇది వేరే పరీక్ష, మూత తియ్యకూడదు అని వాళ్ళకి ఎవరు చెప్పారు? నేను నీకు రాశాను. నువ్వు చెప్పావా?

పిన్నితో ఏమీ అనలేదు. మళ్ళీ తవ్వి తెమ్మందామంటే చెప్పాలి. చెప్తే అంతా తన వల్లే పోయిందనుకుంటుంది. ముందు ఉన్నదాన్నే పెట్టెలో పెట్టాను. తడి ఎక్కించగానే గీత నిలువునా లేచింది. ఒక్క క్షణం నేనూ సంతోషపడ్డాను, దాచను. కానీ ఎండిన మట్టి ఏదైనా తడపగానే అలాగే లేస్తుంది. ఆరినప్పుడు చచ్చిన సూక్ష్మజీవుల్ని మిగిలినవి తింటాయి, ఆ ఊపిరి అది. నాలుగు రోజులకి పడిపోయింది. ఆ తర్వాత గీత నేలబారుగా సాగుతోంది. భానుప్రకాష్ తెచ్చిన మట్టికన్నా కాస్త పైన. ఆ కాస్త దేనికీ సాక్ష్యం కాదు.

సెలవు పెట్టి గొట్టాలతో నేనే వస్తాను. మా హెడ్డు సెలవివ్వాలి.

కృప


గుడివాడ
ఆగస్టు 27

కృపా,

చెప్పలేదు. గట్టు మీద నిలబడి భూసంస్కరణల గురించి చెప్పాను, సామ్రాజ్యవాదం గురించి చెప్పాను, రొయ్య ఎవరి పళ్ళెంలోకి వెళ్తుందో చెప్పాను. మూత తియ్యొద్దని చెప్పలేదు. సరేనా?

ఇప్పుడు నేను చెప్పేది విను. గీత లేచిందన్నావు. లేచింది కదా? నిలువునా లేచింది కదా? ఆ బొమ్మ కాగితం మీద తీసి సంతకం పెట్టు. మట్టి ఊపిరి తీసింది అని ఒక్క ముక్క రాయి. అది అబద్ధం కాదు. చచ్చినవాటిని తిని మిగిలినవి తీసే ఊపిరి అంటావా, మా జిల్లాలో దాన్నే అభివృద్ధి అంటున్నారు, బ్యాంకులు దానికి అప్పులిస్తున్నాయి. నీ ఒక్కదానికే పనికిరాలేదా?

వాళ్ళు గట్టు కింద ఉప్పు మట్టి తవ్వితే సంతకం పెట్టిన చెయ్యి, అన్నమ్మ జల్లెడ పట్టిన మట్టికి వణుకుతుందేం?

ఇందిర


మచిలీపట్నం
సెప్టెంబరు 15

అక్కా,

పెట్టను. భానుప్రకాష్ మట్టి కూడా ఎండుదే, ఆ సంగతి ఆ రిపోర్టు అడుగునా రాశాను, ఎవరూ చదవలేదు. దాన్ని తడిపినప్పుడూ గీత లేచింది, ఇంత కాకపోయినా. పద్ధతి ప్రకారం మొదటి రోజుల ఊపిరి లెక్కలోంచి తీసేశాను. వాళ్ళకి తీసేసినదాన్ని మనకి కలిపితే, కమిటీలో కూర్చున్న ఏ నిపుణుడైనా ఒక్క నిమిషంలో పట్టుకుంటాడు. అప్పుడు నా మాటతో పాటు పిన్ని చేను కూడా అబద్ధమైపోతుంది. నా చెయ్యి వణకలేదు. నీకది అర్థం కాకపోతే పోనీ.

ఇంకో సంగతి. సెలవు మొన్నటికి దొరికింది. గొట్టాలు తీసుకుని వెళ్ళాను. మోపిదేవి దాటేసరికి వాన. పేటలో దిగేసరికి బాబాయి గొడుగు పట్టుకుని రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. "చేలోకి వద్దులేమ్మా, ఇంటికి పద" అన్నాడు. నేను చేలోకే వెళ్ళాను.

చేను లేదు. నీళ్ళున్నాయి. చెరువుగట్టు దానంతటదే తెగిందట. వానలకి మెత్తబడి తెగిందట. తెగిన చోట పొక్లెయిన్ పళ్ళ గుర్తులున్నాయి, వాన కూడా వాటిని ఇంకా పూర్తిగా చెరపలేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. సముద్రం కన్నా ఉప్పగా ఉంది. నాటిన ఊడుపు అడుగున గోధుమరంగులో పడుకుని ఉంది.

అయినా గొట్టం దిగ్గొట్టాను. పైకి తీస్తే మట్టి నిలబడలేదు. గంజిలా జారిపోయింది. మూడుసార్లు చేశాను. బాబాయి గొడుగు నా మీద పట్టి తను తడుస్తూ, "ఇంక చాల్లేమ్మా" అన్నాడు.

ఇంటి దగ్గర పిన్ని అన్నం పెట్టింది. పెడుతూ అడిగింది.

"ఇప్పుడు నీళ్ళొచ్చాయి సరే. అంతకుముందు తీసింది ఉంది గదా నీ దగ్గర. అది ఎట్టా ఉందే మిషన్లో?"

"బాగుంది పిన్నీ."

"నే చెప్పలా! జల్లెడ పట్టబట్టే. వాళ్ళు గట్టు తెంపుకున్నా ఏం కాదు. మన మట్టి నీ దగ్గర భద్రంగా ఉంది." బాబాయి వైపు తిరిగి, "ఆరబెట్టకపోతే ఈపాటికి కుళ్ళిపోయేది" అంది.

నేను అన్నం తిన్నాను. అంతా తిన్నాను. నువ్వైతే ఏం చేసేదానివో తెలియదు.

కమిటీకి నా రిపోర్టు పంపేశాను. "నమూనా ఆరిపోయి, నలిగి అందినందున నిర్ధారించలేం." ఉన్న నిజం అంతే. పెట్టెకి ప్యాకింగ్ మొదలైంది.

కృప


గుడివాడ
అక్టోబరు 3

కృపా,

కమిటీ అయిపోయింది. నువ్వు రాలేదు, రానివ్వలేదని తర్వాత తెలిసింది. ఎలా జరిగిందో రాస్తాను.

అన్నమ్మా మత్తయీ వెనక వరుసలో కూర్చున్నారు. ఆదివారం చర్చికి కట్టుకునే బట్టలు కట్టుకొచ్చారు. భానుప్రకాష్ ముందు వరుసలో. అధ్యక్షుడు నీ రిపోర్టు చదివాడు. "నిర్ధారించలేం" అన్న మాట దగ్గర ఆగి, "అంటే అభ్యంతరం రుజువు కాలేదన్నమాట" అన్నాడు. కాదు, అలా రాయలేదు అని నేను లేచాను. మాట్లాడాను. బాగా మాట్లాడానని బయటికొచ్చాక నలుగురు చెప్పారు. మాట్లాడుతున్నంతసేపూ అధ్యక్షుడు ఫోన్లో ఏదో చూసుకుంటున్నాడు. అయ్యాక, "ప్రస్తుతం ఆ భూమి పరిస్థితేంటి?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఉప్పునీళ్ళ కింద ఉందండి" అన్నాడు మా తమ్ముడు, ఎంతో బాధపడుతున్నట్టు. "మరింకేం" అన్నాడాయన. అంతే కృపా. చేనుని చంపినవాడే శవాన్ని సాక్ష్యంగా చూపించాడు, చెల్లింది.

అన్నమ్మ చెయ్యెత్తింది. "మా మట్టి మిషన్లో బాగుందని మా పిల్ల చెప్పిందండీ" అంది. నవ్వలేదెవరూ. నవ్వితే బాగుండేది, నేను కొట్టి ఉండేదాన్ని. "అది ఆరిపోయిన మట్టి అమ్మా, చెల్లదు" అన్నాడొక ఉద్యోగి, మర్యాదగానే. అన్నమ్మ నా వైపు చూసింది. "ఆరబెట్టాలి గదండీ?" అని నన్ను అడిగింది. ఇరవై ఏళ్ళుగా వేదికలెక్కి మాట్లాడుతున్నాను. ఆ మాటకి అవునని తల మాత్రం ఊపాను. మత్తయి ఆమె చెయ్యి పట్టుకుని, "సరేనండి" అని కమిటీకి దణ్ణం పెట్టి బయటికి తీసుకెళ్ళాడు.

నేను నిన్ను అబద్ధాలకోరువన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. అందరికన్నా నిజం చెప్పింది నువ్వే, దానివల్ల ఒరిగిందేమీ లేదు. నేను గెలుస్తానని నమ్మి ఇది రాయడం లేదు. ఎవరూ వినరు. అయినా అడగాల్సినవి అడగకుండా ఊరుకోను. ఇవి కమిటీకి, మీ ల్యాబుకి, నాకూ నీకూ, పళ్ళెంలో రొయ్య పెట్టుకుని ఇది చదివే ప్రతివాళ్ళకి:

పొలం మట్టిని ఆ పొలం దున్నేవాళ్ళ కళ్ళముందు, వాళ్ళు చూపించిన చోటే తవ్వాలి.

ఏ మట్టిని తడిగా తేవాలో, ఏ మట్టిని ఆరబెట్టాలో ఊరూరా గోడల మీద రాయాలి. కౌంటర్లో తడిమట్టిని వెనక్కి పంపడం మానాలి.

మట్టి ఊపిరి కొలిచే పెట్టె బందరులోనే ఉండాలి.

తెగిన గట్టు మీద పొక్లెయిన్ ఎవరిదో తేల్చాలి.

చేలోంచి ఉప్పునీళ్ళు తోడించి, కాలవ నీళ్ళు వదలాలి. ఎన్నేళ్ళు పడితే అన్నేళ్ళు.

"నిర్జీవ భూమి" అన్న మాట కొట్టేసి "చంపిన భూమి" అని రాయాలి. పక్కన మా తమ్ముడి పేరు రాయాలి.

అన్నమ్మ ఆరబెట్టడం వల్లే చేను పోయిందని ఎవరూ, ఎక్కడా, ఎన్నడూ అనకూడదు.

ఇందిర